ఒప్పుకోలు నడిచొచ్చిన మూడు దారులు

బైరకూరు ములబాగిలు తాలూకాలో ఒక హోబళి కేంద్రం. మాకు పడమట కోలారు, నైరుతిన కేజీఎఫ్ అని పిలిచే కోలారు బంగారు గనులు, తూర్పున రాష్ట్ర సరిహద్దు దాటితే పలమనేరు. ఇంట్లో తెలుగు, బడిలోనూ తాలూకాఫీసులోనూ కన్నడ, గనుల్లో పనిచేసి వచ్చిన ముసలివాళ్ళ నోట తమిళం. మా వైపు క్రైస్తవ కుటుంబాల సంగతీ ఇంతే. పాట తెలుగులో పాడతారు, ప్రసంగం కన్నడలో వింటారు, కేజీఎఫ్ నుంచి చుట్టాలొస్తే ప్రార్థన తమిళంలో సాగుతుంది.

ఈ మూడు దారుల మీదుగానే మా ప్రాంతానికి ఒక అలవాటు నడిచొచ్చింది. సంఘమంతా ఒకచోట చేరి, మోకరించి, ఎవరి తప్పు వాళ్ళు నోరు విప్పి చెప్పుకునే అలవాటు అది. ఉపవాస కూటమనీ, ఉజ్జీవ సభలనీ, రాత్రంతా ప్రార్థన అనీ దానికి రకరకాల పేర్లున్నాయి. పాస్టరుగారు వాక్యం చెప్పి ముగించాక కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత ఒక మూల నుంచి ఏడుపు మొదలవుతుంది. ఒకరు లేచి, అన్నతో మూడేళ్ళుగా మాటల్లేవని చెబుతారు. ఇంకొకరు తాగుడు సంగతి చెబుతారు. ఇంకొకరు ఏమీ చెప్పలేక కూలబడిపోతారు. పెద్దలు వచ్చి తల మీద చేయి వేస్తారు. ఇదంతా చూసి కొందరు ఉద్రేకం అంటారు, కొందరు ఆత్మ కార్యం అంటారు. ఆ వాదనలోకి నేను దిగను. మరునాడు పొద్దున ఏం జరిగిందన్నదే నాకు ముఖ్యం. రాత్రి ఏడ్చిన తమ్ముడు తెల్లారి అన్న గడప తొక్కాడా లేదా?

సంఘాల రిజిస్టర్లలో బాప్తిస్మాల లెక్క ఉంటుంది, పెళ్ళిళ్ళ లెక్క ఉంటుంది, కానుకల లెక్క ఉంటుంది. తీరిన బాకీలకు ఏ రిజిస్టరూ లేదు. మా ప్రాంతపు ఉజ్జీవాల చరిత్ర రాయాలంటే ఆ రాయని లెక్క నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

మొదటి దారి కోలారు దారి. అది కరువు తెచ్చిన దారి.

1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువు మైసూరు సంస్థానంలో దాదాపు పది లక్షల ప్రాణాలు తీసింది. కోలారు సీమ చెరువుల మీద బతికే సీమ. వానలు పోయి చెరువులు ఎండితే తిండిగింజకు వేరే దిక్కు లేదు. తల్లిదండ్రులు పోయిన పిల్లలు రోడ్ల పక్కన మిగిలారు. అలాంటి పిల్లలను చేరదీసి కోలారులో అనాథాశ్రమం నడిపింది మిస్ ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు దొరసాని. పిల్లలు పెరిగారు, చేతిపనులు నేర్చుకున్నారు, పెళ్ళిళ్ళయ్యాయి, కాపురాలు పెట్టారు. ఆమె ఆరోగ్యం, వయసు సహకరించని రోజు వచ్చింది. 1890లో ఆ పని మొత్తాన్ని అమెరికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్‌కు అప్పగించి వెళ్ళిపోయింది. కోలారులోని ఈటీసీఎం ఆసుపత్రి ఆ మిషన్ కట్టించిందే. మా హోబళిలో దాని పేరు తెలియని ఇల్లుండదు. మతం ఏదైనా కాన్పులకూ జ్వరాలకూ అక్కడికి వెళ్ళినవాళ్ళు తరాల పొడుగునా ఉన్నారు.

ఆ మెథడిస్టులు మన వైపు అడుగుపెట్టడం కూడా ఒక ఉజ్జీవంతోనే జరిగింది. విలియం టేలర్ అనే అమెరికన్ ప్రసంగీకుడు కాలిఫోర్నియాలో బంగారం కోసం ఎగబడిన జనానికి శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో నిలబడి వాక్యం చెప్పినవాడు. 1870లో భారతదేశం వచ్చాడు. 1874లో మద్రాసులోనూ బెంగళూరులోనూ సభలు జరిపాడు. ఆ సభల్లో మారుమనస్సు పొందినవాళ్ళతోనే బెంగళూరు మెథడిస్టు సంఘం మొదలైంది. ఒక బంగారు సీమ వీధుల్లో నోరు తిరిగిన మనిషి నాటిన సంఘానికి, తర్వాత పదహారేళ్ళకు మరో బంగారు సీమ పక్కనున్న కోలారు అప్పజెప్పబడింది. ఇలాంటి కలయికల్లో దేవుడి చెయ్యి చూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మెథడిస్టులు తమతో తెచ్చుకున్న పద్ధతులను కొంచెం ఆగి చూడాలి. మెథడిస్టు మతానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ కాలంలో 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నంలో ప్రార్థనా మందిరం కట్టిన అప్పు మిగిలిపోయింది. తీర్చడమెట్లా? సభ్యులను పన్నెండుమంది చొప్పున గుంపులు చేసి, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేద్దామని ఒకాయన సలహా ఇచ్చాడు. వసూలుకు ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు ఆ ఇళ్ళలోని తగాదాలు, తాగుళ్ళు, దొంగచాటు వ్యవహారాలు కళ్ళబడ్డాయి. అక్కడి నుంచి ఆ గుంపులు వారానికోసారి కూర్చుని, ఈ వారం నీ ఆత్మ ఎట్లా ఉంది అని ఒకరినొకరు అడుగుకునే క్లాసు మీటింగులయ్యాయి. మెథడిస్టుల ఒప్పుకోలు పద్ధతి అప్పు తీర్చే ప్రయత్నంలో పుట్టిందన్న ఈ సంగతి మా ప్రసంగాల్లో వినపడదు. వినపడాలి. వెస్లీయే 1755 ఆగస్టు 11న లండనులో నిబంధన ఆరాధన ప్రారంభించాడు. కొత్త ఏడాది మొదటి ఆదివారం సంఘమంతా కలిసి పాపాలు ఒప్పుకుని, దేవుడితో తిరిగి ఒడంబడిక చేసుకునే క్రమం దాని నుంచే వచ్చింది. ఇప్పుడు డిసెంబరు 31 రాత్రి మా వైపు ఏ సంఘం చూసినా, మెథడిస్టు కానివ్వండి, సీఎస్ఐ కానివ్వండి, పెంతెకొస్తు కానివ్వండి, పన్నెండు గంటలకు ముందు మోకాళ్ళ మీద ఉంటుంది. ఆ అలవాటులో మెథడిస్టుల వాచ్ నైట్ అనే రాత్రి జాగరణ ప్రార్థన పాలు చాలా ఉంది.

కరువు అనాథలకూ ఉజ్జీవానికీ ఉన్న సంబంధం కోలారుతో ఆగలేదు. 1905 జూన్ చివర్లో పూనా దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి సదనంలో పెద్ద కదలిక వచ్చింది. రమాబాయి మన కన్నడ నేల మీద పుట్టిన మనిషే. 1870లలో కరువు పాలై తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది. ఆమె చేరదీసిన పిల్లల్లోనూ ఎందరో కరువుల్లో దిక్కులేనివాళ్ళయినవాళ్ళే. ఆ అమ్మాయిలు రోజుల తరబడి ఏడ్చి తప్పులు ఒప్పుకున్నారు. ఆ సదనంలో రమాబాయికి కుడిభుజంగా నిలిచిన మిన్నీ ఏబ్రమ్స్ మెథడిస్టు సేవకురాలే. ఆకలితో చావు అంచుదాకా వెళ్ళిన పిల్లలు ఒప్పుకోవడానికి ఏం పాపాలుంటాయని నాకు ఒకప్పుడు అనిపించేది. ఇప్పుడు వేరుగా తోస్తుంది. ఎవరి లెక్కలోనూ లేని పిల్లకు, నువ్వు చేసినదానికి నువ్వు బాధ్యురాలివి అని చెప్పడమంటే నువ్వొక మనిషివని చెప్పడమే. ఆ గౌరవం వాళ్ళకు అప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

రెండో దారి గనుల దారి. ఇక్కడ చెప్పవలసింది ఎక్కువ ఉంది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు గనుల్లోకి దిగింది. కొన్నేళ్ళకే చాంపియన్ రీఫ్, మైసూరు, ఊరిగాం, నందిదుర్గం గనులు తిరగడం మొదలయ్యాయి. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. కూలీలు ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం వైపు తమిళులు. చిత్తూరు సీమ నుంచీ మా తాలూకాల నుంచీ తెలుగువాళ్ళు. వాళ్ళలో చాలామంది దళితులు. ఊళ్ళో చెరువు గట్టు ఎక్కడానికి లేని మనుషులు, భూమి లోపల మూడు కిలోమీటర్ల దాకా దిగే పనికి మాత్రం పనికొచ్చారు. పై ఉద్యోగాల్లో, గని మేస్త్రీలుగా, ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళుండేవారు. తగరం, రాగి గనుల్లో తరాలుగా ఆరితేరినవాళ్ళు.

ఆ కార్న్‌వాల్ మెథడిస్టు మతానికి పుట్టిల్లు లాంటిది. అక్కడ గ్వెన్నాప్ అనే ఊళ్ళో, గని కుంగి ఏర్పడిన పెద్ద గుంటలో, 1762 నుంచి 1789 మధ్య వెస్లీ 18 సార్లు ప్రసంగించాడు. తాగుబోతు గని కూలీగా ఉండి 1820లలో మారి, ఊరూరా సాక్ష్యం చెబుతూ తిరిగిన బిల్లీ బ్రే అక్కడివాడే. గని పనికీ ఒప్పుకోలుకూ ఏదో చుట్టరికం ఉంది. పొద్దున దిగినవాడు సాయంత్రం పైకొస్తాడన్న నమ్మకం లేనిచోట మనుషులు లెక్కలు మిగుల్చుకోరు. కేజీఎఫ్‌లో రాక్ బరస్ట్ అంటే ఏమిటో తెలియని కుటుంబం లేదు. లోపలి ఒత్తిడికి రాయి పేలి, సొరంగం కూలి, షిఫ్టుకు వెళ్ళిన మనిషి రాకపోవడం అది. అన్నతో మాటల్లేకుండా దిగిన తమ్ముడి సంగతి ఆ వీధుల్లో అందరికీ అర్థమవుతుంది.

1904 అక్టోబరు 31న వేల్స్ దేశంలో లొఖోర్ అనే చిన్న ఊళ్ళో ఉజ్జీవం మొదలుపెట్టిన ఇవాన్ రాబర్ట్స్ కూడా చిన్నతనం నుంచి బొగ్గు గనిలో పనిచేసినవాడే. అతను సంఘానికి నాలుగే మాటలు చెప్పేవాడు. తెలిసిన పాపం ప్రతిదీ ఒప్పుకో, అనుమానమున్నది విడిచిపెట్టు, ఆత్మ చెప్పగానే చెయ్యి, క్రీస్తును అందరి ఎదుట ఒప్పుకో. కొన్ని నెలల్లోనే లక్షమంది దాకా సంఘాల్లో చేరారని లెక్క కట్టారు. పాత అప్పులు తీర్చారు, దొంగిలించిన సామాన్లు తిరిగి తెచ్చిచ్చారు. కూలీలు బూతులు మానేసరికి గనుల్లో బండ్లు లాగే గుర్రాలు మాట అర్థం కాక నిలబడిపోయాయని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గాని, దాన్ని చెప్పుకున్న జనం ఉజ్జీవాన్ని దేనితో కొలిచారో తెలుస్తోంది. గుడి లోపలి పాటతో కాదు, గని లోపలి మాటతో.

కేజీఎఫ్‌కు తనదంటూ ఒక పాపం ఉంది. ఆ ఊరు పుట్టినప్పటి నుంచీ దొంగ బంగారం ఉంది. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను తనిఖీ చేసేవారు. రాయి ముక్క, మిల్లులోని పొడి, ఏదైనా బయటికి వెళ్తే కొనేవాళ్ళు సిద్ధంగా ఉండేవారు. దాన్ని ఆపడానికి సంస్థానం ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది. ఇలాంటి ఊళ్ళో యెహోషువ గ్రంథం ఏడో అధ్యాయం చదివితే ఎట్లా ఉంటుంది? యెరికో కూలినప్పుడు ఆకాను ఒక పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి తీసి డేరాలో నేల తవ్వి దాచాడు. అతనొక్కడి తప్పుకు హాయి ఊరి దగ్గర జనమంతా ఓడిపోయారు. చీట్లు వేస్తే గోత్రం, వంశం, ఇల్లు, చివరికి మనిషి దొరికాడు. భూమిలో దాచిన బంగారం కథ బంగారం తవ్వే కూలీకి చెబితే అది వేరే అర్థంతో వినపడుతుంది.

ఈ కథ ఎంత దూరం పోయిందో చూడండి. వేల్స్‌లోనూ మన ఖాసీ కొండల్లోనూ జరిగిన ఉజ్జీవాల వార్త 1906లో కొరియా చేరింది. 1907 జనవరిలో ప్యాంగ్‌యాంగ్‌లో వందలమంది కూడిన సభలో కిల్ సన్‌జూ అనే సంఘ పెద్ద లేచి నిలబడి, ఈ సభలో ఆకానును నేనే అన్నాడు. స్నేహితుడు చనిపోతూ తన భార్య కోసం ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టమని అప్పగిస్తే, అందులో కొంత తాను దాచుకున్నానని, ఆ సొమ్ము వితంతువుకు మరునాడే ఇచ్చేస్తానని చెప్పాడు. ఆయన మాటతో సభ కట్ట తెంచుకుంది. ఒకరి వెనక ఒకరు తెల్లవారే దాకా లేస్తూనే ఉన్నారు. తర్వాతి రోజుల్లో ఆ పట్నంలో బాకీలు తీర్చడానికి, దొంగ సొత్తు తిరిగివ్వడానికి జనం ఇల్లిల్లూ తిరిగారు. ఈ సంగతి మా సంఘాల్లో ప్రతి యువకుడికీ చెప్పదగ్గది. పెద్ద మనిషి, పేరున్న మనిషి, ముందు వరసలో కూర్చునే మనిషి మొదట ఒప్పుకున్నాడు. కూలివాడి వంతు ఆ తర్వాతే వచ్చింది.

ఎందుకంటే ఆకాను కథలో ఒక ప్రమాదం ఉంది. దాన్ని ఎప్పుడూ కింది మనిషి మీదికే తిప్పవచ్చు. గోచీలో రాయి ముక్క దాచిన కూలీ ఆకాను అయితే, ఆ నేల నుంచి 800 టన్నులకు పైగా బంగారం పోయిన దారిలో ఉన్నవాళ్ళు ఎవరు? రాతి ధూళికి ఊపిరితిత్తులు గట్టిపడి దగ్గుతూ పోయినవాళ్ళ సంగతి ఎవరు ఒప్పుకుంటారు? ఇంకొకటి కూడా ఉంది. ఆకాను ఒప్పుకున్నాడు, అయినా రాళ్ళు రువ్వి చంపారు. సువార్తలో ఒక ధనవంతుడు కూడా ఒప్పుకున్నాడు, సుంకపు గుత్తేదారు జక్కయ్య. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఆ రోజు ఆ ఇంటికి రక్షణ వచ్చింది. ఉజ్జీవ సభ పెట్టేవాళ్ళు ఈ రెంటిలో ఏ కథతో జనాన్ని పిలుస్తున్నారో చూసుకోవాలి. భయపెట్టి రాబట్టిన ఒప్పుకోలు పొద్దుటికి ఆవిరవుతుంది. సంఖ్యాకాండం అయిదో అధ్యాయంలో ధర్మశాస్త్రం ఈ పని తేటగా చెప్పింది. తప్పు ఒప్పుకోవాలి, అపహరించినది పూర్తిగా ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి, ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ చేతికే ఇవ్వాలి. కన్నీళ్ళ ప్రస్తావన అక్కడ లేదు.

మూడో దారి తూర్పు దారి, తెలుగు దారి.

పలమనేరు, మదనపల్లె వైపు అమెరికన్ ఆర్కాటు మిషన్ పనిచేసింది. స్కడ్డర్ సోదరులు 1853లో మొదలుపెట్టిన మిషన్ అది. మదనపల్లెలో జేకబ్ చాంబర్లేన్ ఏళ్ళ తరబడి తెలుగులో పనిచేశాడు. ఆ సంఘాలది నిదానమైన మతం. ఆరాధన క్రమంలో అందరూ ఒక్క గొంతుతో చెప్పే ఒప్పుకోలు ఉంటుంది. దానికి అలవాటుపడ్డవాళ్ళు సభల్లో కేకలు చూసి బెదురుతారు. సభలకు అలవాటుపడ్డవాళ్ళు పుస్తకం చూసి చదివే ఒప్పుకోలును చప్పగా ఉందంటారు. సరిహద్దుకు ఇటూ అటూ పెళ్ళి సంబంధాలున్న మా వైపు కుటుంబాల్లో రెండూ ఉన్నాయి. రెండూ కావాలనే నేనంటాను. నోరు లేవని రోజున పుస్తకం నోరిస్తుంది.

ఇంకా తూర్పుకు వెళ్తే ఒంగోలు. అక్కడ జరిగింది తెలుగు క్రైస్తవులందరి చరిత్ర. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. పన్నెండేళ్ళకు, 1866లో, జాన్ క్లౌ వచ్చాడు. తోళ్ళ వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద పల్లె పల్లె తిరిగి తన బంధువులను తెచ్చాడు. చేరే పల్లెకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి ఒక్క మనిషి పాటించగలిగినవి కావు. పల్లె పల్లెంతా కలిసి మారాలి, రైతులతోనూ కరణాలతోనూ కలిసే ఎదురుదెబ్బలు తినాలి. మారుమనస్సు అక్కడ మొదటి నుంచీ ఉమ్మడి పని.

ఆ ధాత కరువే అక్కడా వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నా దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో తేలాలన్నాడు. కరువు పనులు అయిపోయి, కూలి ఆగిపోయాక కూడా జనం నిలబడ్డారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె తెలుగు సంఘాల్లో అందరికీ కంఠపాఠం. ఆ ముందరి పదిహేను నెలల ఎదురుచూపు మాత్రం తక్కువమందికి గుర్తుంది. నాకు ఆ అంకె కన్నా ఆ ఎదురుచూపే గొప్పగా కనబడుతుంది. తర్వాత 1906లో వేల్స్, ఖాసీ, ముక్తి ఉజ్జీవాల అల తెలుగు బాప్టిస్టు సంఘాలను తాకింది. ఒంగోలు, నెల్లూరు సీమల్లో సంఘాలు రోజుల కొద్దీ ఒప్పుకోలులో గడిపాయి. ముప్పై ఏళ్ళ కింద గుంపులుగా చేరిన పల్లెలు, ఈసారి ఒక్కొక్కరుగా తమ లోపలికి చూసుకున్నాయి.

ఈ మూడు దారులూ కలిసింది భక్త్ సింగ్ కాలంలో. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగు చదివి, క్రీస్తును నమ్మి తిరిగొచ్చిన మనిషి. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా మొదలుపెట్టాడు. తర్వాత హైదరాబాదు హెబ్రోను ఆయన పనికి కేంద్రమైంది. 2000 సెప్టెంబరు 17న అక్కడే కన్నుమూశాడు. ఆయన పరిశుద్ధ సభలకు తెలుగు సీమ నుంచి జనం రైళ్ళలో వెళ్ళేవారు. బెంచీలు లేవు, అందరూ చాప మీదే. ఆరాధన అయ్యాక అందరూ బారులు తీరి ఒకే వంట తినడం ఆ సభల్లో ప్రసంగమంత ముఖ్యం. ప్రేమవిందు అంటారు దాన్ని. ఊళ్ళో ఒకరి గ్లాసు ఒకరు ముట్టని మనుషులు పక్కపక్కన కూర్చుని సాంబారన్నం తింటే, అది నోటితో చెప్పని ఒప్పుకోలు. తెలంగాణలో వికారాబాదు దగ్గర ధారూరులో 1920ల నుంచి ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతరలోనూ ఇదే కనబడుతుంది. పల్లెలు బండ్లు కట్టుకుని వెళ్ళి, గుడారాలు వేసుకుని, రోజుల తరబడి ఒకచోట వండుకుని తిని, ప్రార్థించి వస్తాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మన సభల్లో జనం ఏమేం ఒప్పుకుంటారు? బీడీ, సారా, సినిమా, అబద్ధం, కోపం. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కులాన్ని ఎవరైనా ఒప్పుకున్నారా? నెహెమ్యా తొమ్మిదో అధ్యాయంలో జనం గోనెపట్ట కట్టుకుని తమ పాపాలతో పాటు తమ పితరుల పాపాలూ ఒప్పుకున్నారు. దానియేలు తాను చెయ్యని తప్పులకు కూడా మేము చేశాము అని ప్రార్థించాడు. ఉమ్మడి ఒప్పుకోలు అంటే అది. 2000 మార్చి 11న అప్పటి మన కోలారు జిల్లాలోనే, చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను ఇళ్ళల్లో పెట్టి తగలబెట్టారు. మన మాట మాట్లాడే పల్లె. 2006లో కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. చట్టం ప్రకారం ఆ పాపానికి పాపి లేడు. ఇలాంటిచోట సంఘం చెయ్యగల పని ఒకటుంది: మా జిల్లా, మా మాట, మా పాపం అని మోకరించడం. సంఘం లోపలే పెళ్ళి సంబంధం దగ్గర కులం అడిగే పెద్దలు ముందు వరసలో మోకరించాలి. అది జరిగిన రోజున మా ప్రాంతానికి ఉజ్జీవం వచ్చిందని నేను రాస్తాను.

మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. మైకు ముందు చెప్పించిన ఒప్పుకోళ్ళు కొన్ని కాపురాలు కూల్చాయి. ఆడపిల్ల ఏడుస్తూ చెప్పిన మాట మరునాడు బోరింగు దగ్గర నవ్వులపాలైతే దాన్ని ఉజ్జీవం అనకూడదు. తప్పు ఎంతమంది ఎదుట జరిగిందో ఒప్పుకోలు అంతమంది ఎదుట జరిగితే చాలు. ఒకరికి చేసిన అన్యాయం ఆ ఒక్కరి గడపలో తేలాలి. ఊరిసొమ్ము తిన్నవాడు ఊరి ముందు చెప్పాలి. పక్కవాడి పాపం ఒప్పుకునే హక్కు ఎవరికీ లేదు, పాస్టరుకైనా సరే. యాకోబు పత్రిక ఒకరికొకరు ఒప్పుకోమంది. మైకుకు కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పిల్లలు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్తున్నారు. మా హోబళిలో టమోటా ధర పడితే అప్పు, పెరిగితే కౌలు తగాదా. ఒప్పుకోవలసిన బాకీలు తగ్గలేదు, పెరిగాయి. చేబదులు తీసుకుని మొహం చాటేసినవాళ్ళు, అన్నదమ్ముల భాగంలో గట్టు జరిపినవాళ్ళు, చీటీ ఎత్తుకుని కట్టనివాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ళకు సభ కన్నా, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని బాకీ ఉన్నవాడి ఇంటికి తోడుగా నడిచే పెద్దలు కావాలి. ఉజ్జీవ సభల ఖర్చులో పందిరికీ మైకుకూ పోయేదాంట్లో కొంత, తీర్చాలని మనసుండీ తీర్చలేని బీద విశ్వాసి బాకీకి సంఘం కలపవచ్చు. బ్రిస్టల్ పెన్నీలతో మొదలైన మతానికి అది కొత్తేమీ కాదు.

కోలారు, ములబాగిలు, కేజీఎఫ్, పలమనేరు సంఘాల పెద్దలకు నా మనవి ఇది. మీ ఇళ్ళల్లో, పాత పెట్టెల్లో, కూటాల నోటుపుస్తకాలు, తాతలు రాసిన ఉత్తరాలు, పాత సంఘ తీర్మానాలు ఉంటే చెదపురుగుకు వదలకండి, జిరాక్సు తీయించి సంఘంలో ఒక ప్రతి పెట్టండి. గనుల్లో పనిచేసిన పెద్దలు ఇంకా మాట్లాడగలిగి ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ఎంతమంది చేరారని కాదు. ఎవరు ఏం తిరిగిచ్చారు, ఏ తగాదా తీరింది, ఏ గడప మళ్ళీ తెరుచుకుంది అని అడిగి, పేర్లు బయటపెట్టకుండా, రాసిపెట్టండి. ఈ ఏడాది డిసెంబరు 31 రాత్రి సంఘమంతా మోకరించేలోగా మీ వంతు బాకీ ఏదైనా ఉంటే, అయిదో వంతు కలిపి, ముందుగానే వెళ్ళి ఇచ్చి రండి.